కాకినాడలో ఒక సెలవుదినం

కోనసీమకు మూడువైపులా నీరే. ధవళేశ్వరం దాటిన గోదావరి చీలి, ఒక పాయ గౌతమియై తూర్పుగాను, ఇంకొక పాయ వసిష్ఠయై దక్షిణంగాను సాగిపోతాయి. ఆ రెండు పాయల నడుమ కొబ్బరితోటలతో నిండిన ముక్కోణపు నేలకు మూడవ హద్దు సముద్రం. అటువంటి చోట పుట్టి పెరిగినవారు సెలవులు రాగానే సముద్రం చూడడానికి కాకినాడ వెళతామనడం పైవారికి వింతగా తోస్తుంది. కోనసీమవారికి అందులో వింత లేదు. వారి తీరంలో ఇసుక ఉన్నది, సరుగుడు తోపులు ఉన్నవి, వలలు ఆరవేసిన పడవలు ఉన్నవి. ఓడలు మాత్రం లేవు. ఓడలరేవు అనే పేరుతో ఒక ఊరే ఉన్నది గాని, నేడు అక్కడ కనబడేది సహజవాయువు కేంద్రం; సరుకు దింపే ఓడ కాదు. ఓడను చూడాలంటే గౌతమి దాటి కాకినాడ వెళ్ళవలసిందే.

రాజోలు సమీపంలోని ఒక పల్లెనుండి ఒక తాతగారు తన మనుమరాలిని, మనుమడిని వెంటబెట్టుకొని సంక్రాంతి సెలవులలో అలా బయలుదేరారు. మనుమరాలు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. మనుమడు ఏడవ తరగతి. పిల్లల తల్లి కువైట్‌లో ఒకరి ఇంట వంటపని చేస్తున్నది. ఆమె వెళ్ళి నాలుగేళ్ళు గడిచినవి. నడుమ ఒక్కమారు నెలరోజులు వచ్చి వెళ్ళింది. రాజోలు, అమలాపురం ప్రాంతాలలో ఇది అరుదైన సంగతి కాదు. గల్ఫు దేశాలనుండి వచ్చే డబ్బుతో లేచిన డాబాలు ప్రతి ఊరిలోను ఉన్నవి. వాటిలో చాలా ఇళ్ళలో ఉండేది ముసలివారు, పిల్లలు మాత్రమే. ఈమారు ఆమె పండుగకు పంపిన డబ్బుతోపాటు ఒక మాట కూడా చెప్పింది: పిల్లలను ఒక్కరోజు ఎక్కడికైనా తీసికొని వెళ్ళమని.

ఆ మాట వినగానే మనుమరాలు ఒక చీటీ తయారుచేసింది. ఫోనులో వెదకి, కాకినాడలో చూడవలసినవి పదింటిని వరుస సంఖ్యలతో వ్రాసింది. సముద్రతీరం, ఓడరేవు, వాకలపూడి దీపస్తంభం, హోప్ ఐలాండ్, మడ అడవి, ఉప్పాడ చీరలు, గొట్టం కాజా - ఇలా సాగింది ఆ జాబితా. తాతగారు దానిని చదివించుకొని విన్నారు. "అన్నీ చూద్దామమ్మా. నాకు మటుకు ఒకటే పని ఉంది. అమావాస్యనాడు చొల్లంగిలో మునగాలి," అన్నారు.

పుష్య బహుళ అమావాస్యను గోదావరి ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అంటారు. కాకినాడకు చేరువలో ఉన్న ఆ ఊరిలో ఆనాడు పెద్ద తీర్థం జరుగుతుంది. సప్తసాగర యాత్ర అని పెద్దలు చెప్పుకొనేది ఇక్కడనే మొదలవుతుంది. గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని నమ్మిక. తుల్యభాగ కలిసే చొల్లంగిలో మొదటి స్నానం చేసి, ఆత్రేయ కలిసే కోరంగిలో రెండవది చేసి, ఒక్కొక్క సంగమమే దాటుకొంటూ, మాఘశుద్ధ ఏకాదశినాటికి వసిష్ఠ కలిసే అంతర్వేది చేరడం ఆ యాత్రాక్రమం. అది పుణ్యంకోసం చేసేదే గాని, ఏటి ముఖద్వారాల వెంట పది పన్నెండు రోజులు కాలినడకను, పడవలమీద తిరిగినవారికి దేశం చూసిన తృప్తి కూడా దక్కేది. సెలవు అనే మాట లేనికాలంలో పల్లెవారి విహారయాత్రలు ఇటువంటివే.

ఆ ఏడు అమావాస్య సెలవులలోనే వచ్చింది. తెల్లవారుజామున బస్సెక్కారు. నాయనమ్మ పనసాకు బుట్టలలో వండిన పొట్టిక్కలు మూటకట్టి ఇచ్చింది; ఆవు ఈనే రోజులని ఆమె ఇంటివద్దనే ఉండిపోయింది. అమలాపురం దాటి, ముమ్మిడివరం, మురమళ్ళ దాటి ఎదుర్లంక వచ్చేసరికి వెలుగు రేకలు విచ్చుకొన్నవి. గౌతమి మీద బస్సు వంతెన ఎక్కింది. అమలాపురంనుండి లోక్‌సభకు ఎన్నికై, సభాపతిగా ఉండగానే 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు ఆ వారధికి పెట్టారు. అది లేని రోజులలో జనం ఎదుర్లంకనుండి యానాంకు పంటుమీద దాటేవారు.

తాతగారికి పంటు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. ముప్పై ఏళ్ళు సఖినేటిపల్లి రేవులో, నర్సాపురానికి వసిష్ఠ దాటించే పంటుమీద పని చేశారు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పెండ్లివారి కార్లు అన్నింటిని చేరవేశారు. ఎంతమందిని అవతలి గట్టుకు చేర్చినా ఆయన మాత్రం తిరిగి ఇవతలి గట్టుకే వచ్చేవారు. ఏటిలో పోటు ఎప్పుడు తగులుతుందో, పాటు ఎప్పుడు తీస్తుందో గడియారం చూడకుండా చెప్పగలరు. అమావాస్య పోటు పెద్దదని, చొల్లంగిలో ప్రొద్దుటిపూట నీరు నిండుగా ఉంటుందని, మధ్యాహ్నానికి తీసిపోతుందని ఆయన బస్సులోనే పిల్లలకు చెప్పారు. ఆ రోజు ప్రయాణం వేసినది ఆ లెక్కమీదనే.

వంతెన దిగితే యానాం. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు. నేడు పుదుచ్చేరిలో భాగం. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం బ్రిటిషు ఇండియాలో అమలులోకి వచ్చినప్పుడు, ఆ చట్టం వర్తించని యానాంకు చుట్టుప్రక్కలవారు పిల్లలను ఎత్తుకొని వచ్చి పెండ్లిళ్ళు చేసికొని పోయేవారట. అందుకే దానికి కళ్యాణపురమనే పేరు వచ్చింది. చట్టంనుండి తప్పుకోవడానికి ఏరు దాటితే చాలిన రోజులవి.

యానాం తరువాత దారి సముద్రానికి సమాంతరంగా సాగుతుంది. ఇంజరం, నీలపల్లి, తాళ్ళరేవు, కోరంగి: ఇవన్నీ ఇప్పుడు నిద్రలో ఉన్నట్లు కనిపించే ఊళ్ళు. రెండు మూడు వందల ఏళ్ళ క్రితం వీటి పేర్లు లండనులోని వర్తకుల లెక్క పుస్తకాలలో ఉండేవి. ఇంజరం, నీలపల్లి ప్రాంతపు నేత బట్టలను ఈస్టిండియా కంపెనీ కొని ఓడలకు ఎత్తేది. కోరంగిలో ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. తూర్పుతీరంలో కోరంగికి సాటివచ్చే రేవులు ఆ కాలంలో కొద్ది మాత్రమే.

అటువంటి రేవును రెండు శక్తులు మట్టుపెట్టినవి. మొదటిది తుపాను. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచినవి. తిరిగి 1839 నవంబరు 25న మరొక ఉప్పెన వచ్చింది. ఆనాడు మూడు లక్షలమంది మరణించారనే మాట ఒక పుస్తకంనుండి మరొక పుస్తకానికి ప్రాకింది. ఆ చిన్న ప్రాంతంలో ఆ కాలాన అంత జనం ఉండడమే కష్టం. కనుక ఆ అంకెను నమ్మడం కంటె ఊరు మళ్ళీ లేవలేదన్న సంగతిని నమ్మడం మేలు. కలకత్తాలో ఉండి తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, పాము చుట్టను సూచించే గ్రీకు మాటనుండి 'సైక్లోన్' అనే పేరు కల్పించి 1848లో ప్రచురించాడు. కోరంగి ఉప్పెన ఆయన గ్రంథంలో చోటు చేసికొన్నది. నేడు ప్రపంచమంతా పలికే ఒక మాట వెనుక ఈ తీరపు ఏడుపు కూడా కొంత ఉన్నదన్నమాట.

రెండవ శక్తి మరింత నెమ్మదియైనది, మరింత మొండిది. అది గోదావరి తెచ్చే ఒండ్రు. కోనసీమలో కొబ్బరిచెట్టు నిలిచిన నేల ఏ మట్టితో ఏర్పడినదో, కోరంగి రేవును పూడ్చినదీ ఆ మట్టియే. నీరు లోతు తగ్గే కొద్దీ పెద్ద ఓడలు ఉత్తరంగా జరిగి కాకినాడ ముందు లంగరు వేయసాగినవి. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి ప్రత్తి ఆగిపోయినప్పుడు, కాకినాడనుండి ప్రత్తి ఎగుమతి పెరిగి పట్టణం బలిసింది. కోరంగి పల్లెగా మిగిలింది.

చొల్లంగి చేరేసరికి గట్టంతా జనం. తాతగారు చెప్పినట్లే పోటునీరు గట్టు నంటి ఉన్నది. మనుమడు నీటిలో దిగి, ఉప్పగా ఉన్నదని అరిచాడు. మనుమరాలు పాదాలు తడుపుకొని గట్టున కూర్చున్నది. తాతగారు మూడు మునకలు వేసి, పురోహితుని ముందు దర్భలు పట్టుకొని కూర్చున్నారు. తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పి నువ్వులు నీరు విడిచారు. "ఇంకెవరైనా ఉన్నారా?" అని పురోహితుడు అడిగాడు.

"ఉన్నారండి. మా తాతకు తమ్ముడు. పేరు తెలియదు," అన్నారు తాతగారు.

ఆ మాటకు మనుమరాలు తలయెత్తి చూసింది. రంగం తాత కథ ఆమె విన్నదే. రంగం అంటే రంగూను. 1920ల చివరలో మేస్త్రీ ఒకడు ఊరిలో కొందరిని కూడగట్టి, బయానా ఇచ్చి బర్మాకు తీసికొనిపోయాడు. అందులో ఈ తమ్ముడు ఒకడు. అక్కడ బియ్యపు మిల్లులలోను, ఓడల రేవులోను తెలుగువారు వేలమంది పని చేసేవారు. నాలుగు డబ్బులు కూడగానే వస్తానని వెళ్ళినవాడు రాలేదు, ఉత్తరాలు వచ్చేవి. వ్రాత రాని మనిషి కనుక ఎవరిచేతనో వ్రాయించేవాడు. తాతగారి చిన్నతనంలో కూడా తండ్రి వాటిని పెట్టెలోనుండి తీసి చదివి వినిపించేవాడు. ఇక్కడ మనవారిని కోరంగీలని పిలుస్తారని ఒక ఉత్తరంలో ఉండేదట. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలకు, బర్మీయులకు నడుమ పెద్ద కొట్లాట జరిగి చాలామంది తెలుగువారు చనిపోయారు. తరువాత చాలాకాలానికి గాని అతడు బ్రతికి ఉన్నాడన్న ఉత్తరం రాలేదు. ఆఖరు ఉత్తరం 1941లో వచ్చింది. ఆ డిసెంబరులో జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించినవి. బర్మానుండి కొండలు, అడవులు నడిచి తిరిగివచ్చినవారిలో అతడు లేడు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్టణాలపైన కూడా జపానువారు బాంబులు వేశారు. అతని అన్న ఆ వార్త విని, ఇక రేవులన్నీ మూసుకొన్నట్లే అనుకొన్నాడట.

ఆ ఉత్తరాలలో పేరు ఉండే ఉంటుంది. కాని ఇంట ఎవరూ ఆ పేరు పలుకగా తాతగారు వినలేదు. అందరూ రంగం తాత అనేవారు. రెండవ తరగతితో చదువు ఆగిన తాతగారికి ఆ ఉత్తరాలు స్వయంగా చదివే అలవాటు లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుపాను తాకినప్పుడు ఇంటి కప్పు ఎగిరిపోయింది. కొబ్బరిచెట్లు నేలకొరిగినవి. వెలుతురు వచ్చాక చూస్తే ఉత్తరాల పెట్టెలో నీరు నిండి, కాగితాలు పిడచకట్టి ఉన్నవి. ఆ రాత్రి కోనసీమలోను, చుట్టుప్రక్కలను మరణించినవారు వేయిమందికి పైబడినారు. అటువంటి వేళ తడిసిన ఉత్తరాలకోసం ఎవరు బాధపడతారు? బాధపడడానికి తీరిక దొరికేసరికి పేరు తెలిసినవారు ఎవరూ మిగలలేదు.

పురోహితునికి ఇది కొత్తకాదు. "పేరు తెలియనివారికి, సంతు లేనివారికి వేరే విధి ఉన్నది. తడిబట్ట పిండండి," అన్నాడు. తాతగారు భుజంమీది తడిసిన ఉత్తరీయాన్ని నాలుగు మడతలు వేసి, గట్టున నేలమీద పిండారు. నీరు ధారగా కారి, మట్టిలో ఇంకింది. అంతటితో పని అయిపోయింది. పెద్ద ఏర్పాటేమీ లేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

తరువాత పొట్టిక్కలు తిని, కొంతసేపు తీర్థంలో తిరిగి, మడ అడవికి బయలుదేరారు. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ఏర్పాటు చేశారు. దాని వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. లోపలికి చెక్కబాట వేశారు. దానిమీద నడుస్తుంటే రెండు ప్రక్కల బురదలోనుండి మేకులు పాతినట్లు వేళ్ళు పైకి పొడుచుకొని ఉంటాయి. మొక్కలకు వేళ్ళు క్రిందికి పోవాలి గాని పైకి రావడమేమిటని మనుమడు అడిగాడు. ఉప్పుబురదలో గాలి ఆడదు. అందుచేత మడచెట్టు వేళ్ళను పైకి పంపి గాలి పీలుస్తుంది. పోటు వచ్చినప్పుడు అవి మునుగుతాయి. పాటు తీయగానే తేలి ఊపిరి తీసికొంటాయి. ఉప్పుపొన్న మరొక విధం. దాని విత్తనం చెట్టుమీద ఉండగానే మొలకెత్తి, పొడవుగా వ్రేలాడి, పక్వానికి రాగానే క్రింది బురదలో గ్రుచ్చుకొంటుంది. పోటులో పడితే కొట్టుకొనిపోయి, ఎక్కడ నేల తగిలితే అక్కడ పాతుకొంటుంది. తిల్ల చెట్టును ముట్టుకోవద్దని తాతగారు హెచ్చరించారు. దాని పాలు కంట పడితే చూపుకే ముప్పు.

అడవిలో బావురుపిల్లి, నీటికుక్క ఉన్నవని పిల్లలు ఎంతో ఆశపడ్డారు. అవి కనబడలేదు. ఎర్రపీతలు, బురదమీద గెంతే చేపలు, కొంగలు మాత్రం కావలసినన్ని కనబడినవి. వేళ్ళ సందులలో ప్లాస్టిక్ సీసాలు, చిరుతిండి సంచులు కూడా కనబడినవి. చెట్టు ఊపిరి తీసికొనే చోటనే అవి చిక్కుకొని ఉన్నవి. ఊరిలో చెరువులో చెత్త వేసినవానిని నలుగురూ తిడతారు. సెలవుకు వచ్చినచోట తిట్టేవారు ఉండరు. ఉప్పెన వేగాన్ని విరిచే గోడ ఈ అడవియేనని తెలిసిన ప్రాంతంలో కూడా ఇలా జరగడం విచారకరం.

బయటకు వచ్చాక, కోరంగిలో రేవు ఎక్కడ ఉండేదో చూపమని మనుమరాలు అడిగింది. "రంగం తాత ఇక్కడనే కదా ఓడ ఎక్కాడు?"

తాతగారు నవ్వారు. తాను కూడా చాలాకాలం అలాగే అనుకొన్నానని చెప్పారు. చాలా ఏళ్ళ క్రితం ఒకమారు ఇదే ప్రశ్నతో కోరంగి వచ్చి, టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషిని అడిగితే, "ఆయ్, అప్పటికి ఇక్కడ రేవెక్కడిదండీ! స్టీమరు కాకినాడలో ఎక్కేవారు," అన్నాడట. నిజమే. 1920ల నాటికి కోరంగిలో స్టీమరు ఎక్కే వీలు లేదు. మరి కోరంగీలు అనే పేరు ఎందుకు వచ్చింది? రేవు చచ్చినా పేరు చావలేదు. కోరంగినుండి పోయిన తొలి తెలుగువారిని బట్టి, తరువాత ఏ రేవునుండి పోయినవారినైనా బర్మావారు కోరంగీలనే అన్నారు. మారిషస్ దీవిలో కూడా అంతే. 1843లో 'కోరంగి పాకెట్' అనే ఓడ తెలుగు కూలీలను అక్కడికి చేర్చింది. ఆ దీవిలోని తెలుగువారు నేటికీ ఉగాది జరుపుకొంటారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడనే జరిగినవి. ఒక మనిషి పేరు సొంత ఇంటనే పోయింది. ఒక పల్లె పేరు మాత్రం సముద్రాలకు అవతల నిలిచింది.

మధ్యాహ్నం కాకినాడ చేరారు. జగన్నాథపురం వంతెన మీదనుండి ఉప్పుటేరులో బారులు తీరిన పడవలను చూశారు. ఈ జగన్నాథపురంలోనే ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసేవారు. భోజనం చేసి, గొట్టం కాజాలు కొన్నారు. తాపేశ్వరం మడతకాజా కంటె ఇది వేరు. గొట్టంవలె ఉండి, కొరికితే లోపలి పాకం చొక్కామీద పడుతుంది. మనుమడి చొక్కాకు ఆ అనుభవం కలిగింది. ఉప్పాడ చీరలు చూడడానికి వేళ చాలలేదు. ఉప్పాడవైపు పోయే సముద్రపు రోడ్డుమీద మాత్రం కొంతదూరం ఆటోలో వెళ్ళారు. కోత ఆపడానికి ఒడ్డున పోసిన బండరాళ్ళమీద అలలు విరుగుతున్నవి. ఉప్పాడలో సముద్రం ఇళ్ళను, పొలాలను క్రమంగా మ్రింగుతున్నది. తుపాను వచ్చినప్పుడల్లా రోడ్డు తెగుతున్నది. ఇటు కాకినాడ ఎదుట, గోదావరి ఇసుకతో పెరిగిన హోప్ ఐలాండ్ సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున బారచాచి, లోపలి నీటిని కాపాడుతున్నది. ఆ అడ్డు ఉండబట్టే కాకినాడ రేవులో ఓడలు నిలకడగా నిలుస్తాయి. కోరంగిని చంపిన ఒండ్రుకు తోడబుట్టిన ఇసుకయే కాకినాడకు రక్ష అయింది.

హోప్ ఐలాండ్‌కు పోవాలని మనుమడికి అన్నిటికంటె ఎక్కువ కోరిక. జనవరినుండి ఆ దీవి ఇసుకలో గ్రుడ్లు పెట్టడానికి సముద్రపు తాబేళ్ళు వస్తాయని అతడు బడిలో విన్నాడు. కాని ఆ రోజు గాలి ఎక్కువగా ఉన్నదని పడవలు వదలలేదు. అతడు ముఖం ముడుచుకొని ఇసుకలో కూర్చున్నాడు. కాజా ఇచ్చినా తీసికోలేదు.

సాయంకాలం ఓడలు కనబడే చోటికి వచ్చారు. 1997లో లోతునీటి రేవు తయారైనది. పెద్ద ఓడలు గట్టునే ఆగుతాయి. పాత పద్ధతి కూడా ఉన్నది: కొన్ని ఓడలు దూరాన లంగరు వేసి నిలిస్తే, బార్జీలు బియ్యపు బస్తాలను వాటికి చేరవేస్తాయి. ఆ బియ్యంలో చాలాభాగం ఆఫ్రికా దేశాలకు పోతుంది. ఎండ తగ్గగా ఓడలలో దీపాలు ఒక్కొక్కటే వెలిగినవి. ముప్పై ఏళ్ళు నీటిమీద పనిచేసిన తాతగారు, ఓడ ఎంత నీటిని త్రోసుకొని నిలుస్తుందో మనుమరాలికి వివరిస్తూ చాలాసేపు నిలబడ్డారు. తాను ఒక్కమారు కూడా ఓడ ఎక్కలేదన్నారు. ఆ మాటలో విచారమేమీ ధ్వనించలేదు.

ఆరు గంటల వేళ ఫోను మ్రోగింది. కువైట్‌లో అప్పుడు మూడున్నర. ఇంటివారి భోజనాలైన తరువాత పిల్లల తల్లికి దొరికే కాస్త విరామం అది. మనుమడు అలక మరచి ఫోను ఓడలవైపు త్రిప్పి చూపాడు. ఏమి తిన్నారో, ఏమి చూశారో, చలిగాలిలో తిరగవద్దని, ఆమె వరుసగా అడిగింది, చెప్పింది. అందరి మాటలూ అయ్యాక మనుమరాలు ఫోను అందుకొన్నది.

"అమ్మా, నువ్వుండే ఇంటి చిరునామా చెప్పు."

"ఎందుకే? ఇక్కడికి ఉత్తరం వ్రాస్తావా ఏమిటి?" అని తల్లి నవ్వింది.

"ఊరికేనే. మా దగ్గర ఫోను నంబరు తప్ప ఏమీ లేదు."

తల్లి కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత పేట పేరు, బ్లాకు, వీధి, ఇంటి సంఖ్య, ఇంటి యజమాని పేరు ఒక్కొక్కటిగా చెప్పింది. పేర్లు పలకడం కష్టంగా ఉంటే అక్షరం అక్షరంగా చెప్పించుకొని, పది స్థలాల చీటీ వెనుకవైపు మనుమరాలు వ్రాసికొన్నది. పాస్‌పోర్టు సంఖ్య కూడా అడిగింది. అది తనవద్ద లేదని, యజమాని బీరువాలో ఉన్నదని, అడిగి చెబుతానని తల్లి అన్నది. తాతగారు ఓడలవైపు చూస్తూ అంతా వింటున్నారు. చీటీని రెండు మడతలు పెట్టి ఆయనకు ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉంచమ్మా. ఇంకొక కాగితం మీద కూడా వ్రాసి మీ నాయనమ్మకు ఇయ్యి," అన్నారు.

తిరుగు ప్రయాణంలో యానాం వంతెన దాటుతున్నప్పుడు గౌతమిలో మళ్ళీ పోటు తగిలి ఉన్నది. తాతగారు కిటికీలోనుండి చూసి ఆ సంగతి చెప్పారు. వినడానికి మనుమరాలు మేలుకొని లేదు. మనుమడు మాత్రం కాజా పొట్లం విప్పి తింటూ, హోప్ ఐలాండ్ చూడనే లేదని గుర్తుచేశాడు. అమ్మ వచ్చినప్పుడు అందరం కలిసి వెళదామని తాతగారు మాట ఇచ్చారు. అమ్మ ఏ నెలలో వస్తుందని, తాబేళ్ళు అప్పటివరకు ఉంటాయా అని, బస్సు ముమ్మిడివరం దాటేవరకు అతడు అడుగుతూనే ఉన్నాడు.